స్తంభానికి కట్టిన చందా పెట్టె

పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్తున్నాం. నైట్ షిఫ్టులో ఉన్న అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు తీరిగ్గా చదవండి. ఇది తుఫానుకి తీగల మీద పడ్డ చెట్ల గురించి, ఆ చెట్లు తీయడానికి వెళ్లి దెబ్బతిన్న మనుషుల గురించి. చివరికొచ్చేసరికి మన గురించి కూడా.

2024 సెప్టెంబర్ 26 రాత్రి హెలీన్ తుఫాను ఫ్లోరిడాలో తీరం దాటింది. తెల్లారేసరికి జార్జియా మీద ఉంది. మేం నలుగురం అగస్టా వైపు ఉంటాం. ఇద్దరం మోటెల్లో, ఇద్దరం దాని పక్కనే ఉన్న గ్యాస్ స్టేషన్లో పని. పొద్దున తలుపు తీసి చూస్తే రోడ్డు కనపళ్లేదు. పైన్ చెట్లు, ఓక్ చెట్లు వేళ్లతో సహా లేచి తీగల మీద పడి ఉన్నాయి. మాలో ఇద్దరిది విశాఖ. వాళ్లకి 2014 అక్టోబర్ 12 గుర్తొచ్చింది. హుద్‌హుద్ పోయిన మర్నాడు మన ఊళ్లో కూడా ఇలాగే పచ్చి కొమ్మల వాసన, చీకటి, వేరే జిల్లాల నుంచి వచ్చిన కరెంటోళ్లు.

రెండు మూడు రోజుల్లో వేరే రాష్ట్రాల నుంచి బకెట్ ట్రక్కులు బారులు తీరి వచ్చాయి. మోటెల్ నిండిపోయింది. వచ్చినవాళ్లలో రెండు రకాలు. తీగలు కట్టే లైన్‌మెన్ ఒక రకం. వాళ్లకి దారి చేయడానికి చెట్లు కోసేవాళ్లు రెండో రకం. మేం చూసిన చెట్ల గ్యాంగుల్లో ఎక్కువమంది స్పానిష్ మాట్లాడేవాళ్లే. కాంట్రాక్టర్ కింద ఇంకో కాంట్రాక్టర్, వాడి కింద వీళ్లు. గదికి నలుగురు. చీకటితో వెళ్లి చీకటితో వచ్చేవాళ్లు.

నాలుగో రోజు మధ్యాహ్నం వాళ్లలో ఒకతను ఒక్కడే తిరిగొచ్చాడు. ఎడమ చేతికి టీషర్టు చుట్టుకుని ఉన్నాడు. మణికట్టు వాచి మామిడికాయంత అయింది. వంగి ఉన్న పైన్ మానుని కోస్తుంటే అది విల్లులాగా లేచి కొట్టిందట. ఐస్ అడిగాడు, ఇచ్చాం. కాసేపటికి వాళ్ల మేస్త్రీ వచ్చాడు. ఎవరైనా అడిగితే ఇతను మోటెల్ మెట్ల మీద జారి పడ్డాడని చెప్పాలన్నాడు. అతనికే కాదు, డెస్కులో ఉన్న మాకు కూడా చెప్పాడు. మేం సరే అనలేదు, కాదనీ అనలేదు. తల దించుకుని రిజిస్టర్ చూసుకున్నాం. మర్నాడు పొద్దున ఆ గది ఖాళీ. అతని పేరు కూడా మాకు తెలీదు.

అది మనసులో ముల్లులా ఉండిపోయింది. మేం కూడా అలాంటి ఉద్యోగాల్లోనే ఉన్నాం కాబట్టి ఎక్కువ గుచ్చుకుంది. ఈ పని ఇక్కడ ఎలా మొదలైంది, ఇన్నేళ్లలో ఎవరికేం జరిగింది అని డ్యూటీ ఖాళీల్లో చదువుతూ వచ్చాం. తెలిసింది మీకు చెప్తున్నాం.

మొదలు న్యూయార్క్‌లో. 1880ల్లో ఆ ఊరి ఆకాశం కనపడేది కాదు. టెలిగ్రాఫ్ తీగలు, టెలిఫోన్ తీగలు, వీధి దీపాల తీగలు అన్నీ ఒకే స్తంభాల మీద సాలెగూడులా ఉండేవి. 1888 మార్చిలో పెద్ద మంచు తుఫాను వచ్చి స్తంభాలు, తీగలు కూలిపోయాయి. మళ్లీ కట్టారు గానీ పాత తెగిన తీగలు పైనే వేలాడుతూ ఉండేవి. మరుసటి ఏడు 1889 అక్టోబర్ 11న జాన్ ఫీక్స్ అనే లైన్‌మన్ సిటీ హాల్ దగ్గర స్తంభం ఎక్కి ఆ పనికిరాని తీగలు తీసేస్తున్నాడు. ఆయన పట్టుకున్నది టెలిగ్రాఫ్ తీగ. దాన్లో మనిషిని చంపేంత కరెంటు ఉండదు. కానీ కొన్ని వీధుల అవతల అది ఎక్కడో హై ఓల్టేజ్ దీపాల తీగకి తగులుకుని ఉంది. ఆ సంగతి ఆయనకి తెలీదు, తెలిసే దారీ లేదు. పట్టపగలు, వేలమంది చూస్తుండగా ఆయన శరీరం తీగల మధ్యే చాలాసేపు ఉండిపోయింది.

దాంతో ఊరంతా గగ్గోలెత్తింది. మేయరు ప్రమాదకరమైన తీగలు కొట్టేయమన్నాడు. తర్వాత మన్‌హాటన్‌లో తీగలు భూమిలోకి వెళ్లాయి. ఇది చాలా పుస్తకాల్లో ఉంటుంది. మమ్మల్ని ఆపేసింది ఇంకో చిన్న సంగతి. ఫీక్స్ చనిపోయిన స్తంభానికే ఒక పెట్టె కట్టి, ఆయన భార్య కోసం చందా పోగు చేశారు. దారిన పోయేవాళ్లు చిల్లర వేసి పోయారు. జనం మంచివాళ్లే. కానీ ఆలోచించండి. ఆమెకి దక్కింది జనం జాలి. చట్టం ప్రకారం రావాల్సిందంటూ ఏదీ లేదు.

ఎందుకు లేదంటే, అప్పటి కోర్టుల లెక్క వేరు. 1842లో మసాచుసెట్స్‌లో ఫార్వెల్ అనే రైలు ఇంజన్ డ్రైవర్ కేసు వచ్చింది. పట్టాలు మార్చే తోటి కార్మికుడి పొరపాటు వల్ల ఆయన కుడి చెయ్యి పోయింది. కంపెనీ మీద కేసు వేశాడు. జడ్జి లెమ్యుయెల్ షా తీర్పు సారాంశం ఏంటంటే, ప్రమాదం ఉందని తెలిసే పనిలో చేరావు, దానికి తగ్గ జీతం తీసుకుంటున్నావు, తోటి పనివాడి తప్పుకి యజమాని బాధ్యుడు కాదు. ఆ తర్వాత డెబ్బై ఏళ్లు దాదాపు ఇదే మాట నడిచింది. చెయ్యి పోయినా, ప్రాణం పోయినా యజమాని తప్పని కోర్టులో నిరూపించాలి. కూలివాడు లాయర్ని ఎక్కణ్ణుంచి తెస్తాడు?

అందుకే లైన్‌మెన్ ముందు ఒకళ్లనొకళ్లు చూసుకోవడం మొదలుపెట్టారు. హెన్రీ మిల్లర్ అనే లైన్‌మన్ ఊరూరూ తిరిగి పనివాళ్లని కూడగట్టాడు. 1891 నవంబర్‌లో సెయింట్ లూయిస్‌లో పదిమంది ప్రతినిధులు కూర్చుని సంఘం పెట్టారు. అదే ఇప్పుడు ఐబీఈడబ్ల్యూ. మా మోటెల్లో దిగిన లైన్‌మెన్ హెల్మెట్ల మీద స్టిక్కర్లు ఆ సంఘానివే. ఆ రోజుల్లో కొన్నిచోట్ల లైన్ ఎక్కిన ఇద్దరిలో ఒకడు పనిలోనే చచ్చిపోయేవాడని ఆ సంఘం తన చరిత్రలో రాసుకుంది. మొదటి అధ్యక్షుడు మిల్లర్ కూడా 1896 జూలైలో వాషింగ్టన్‌లో స్తంభం మీద షాక్ కొట్టి పడి చనిపోయాడు.

చట్టం 20వ శతాబ్దంలో మారింది. 1911లో విస్కాన్సిన్ రాష్ట్రం పరిహార చట్టాన్ని అమల్లోకి తెచ్చింది. తప్పెవరిదన్న గొడవ లేకుండా, పనిలో దెబ్బ తగిలితే వైద్యం, జీతంలో కొంత భాగం ఇవ్వాలి. బదులుగా కార్మికుడు యజమాని మీద దావా వేసే హక్కు వదులుకోవాలి. ఒక్కొక్క రాష్ట్రం ఈ దారి పట్టింది. జార్జియా 1920లో, అందరికన్నా ఆఖరున మిసిసిపీ 1948లో. మన దేశంలో కూడా 1923లోనే వర్క్‌మెన్ పరిహార చట్టం వచ్చింది. కరెంటు తీగలు, టెలిఫోన్ స్తంభాలు కట్టేవాళ్లు, బాగుచేసేవాళ్లు దాని జాబితాలో ఉండేవాళ్లు. కాంట్రాక్టర్ పెట్టుకున్న కూలీకి దెబ్బ తగిలినా, ఆ పని ఇచ్చిన అసలు యజమాని నుంచి పరిహారం అడగొచ్చని ఆ చట్టం 12వ సెక్షన్ చెప్పింది. ఊళ్లో లైన్ల పని చేసే బంధువులున్న మనలో ఎంతమందికి ఈ మాట తెలుసు?

ఇక చెట్ల సంగతి. కరెంటు ఊళ్లు దాటి పల్లెలకి పోయేకొద్దీ తీగకి చెట్టు శత్రువైంది. 1920లకే చెట్లు నరకడం ఒక వేరే వ్యాపారంగా మొదలైంది. కరెంటు కంపెనీ తన సొంత మనుషులతో కాకుండా బయటి కంపెనీకి ఆ పని ఇవ్వడం అప్పుడే పాతుకుంది. 1938 సెప్టెంబర్ 21న న్యూ ఇంగ్లండ్ మీద పెద్ద తుఫాను పడి అడవులకి అడవులే పడుకున్నాయి. దూరపు రాష్ట్రాల నుంచి లైన్ గ్యాంగులు వచ్చాయి. పడ్డ చెట్లు తీయడానికి నిరుద్యోగుల కోసం ప్రభుత్వం పెట్టిన ఉపాధి పథకాల కూలీలని దింపారు. అంటే అప్పటికే ఇప్పటి బొమ్మ తయారైపోయింది. తీగ ముట్టుకునేవాడు నేర్చినవాడు, యూనియన్ ఉన్నవాడు. చెట్టు కోసేవాడు ఆ వారానికి దొరికినవాడు. ప్రమాదం మాత్రం ఇద్దరికీ ఒకటే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఒక్క మనిషి మోయగల పెట్రోలు రంపాలు వచ్చాయి. పని పదింతలు జోరందుకుంది, దెబ్బలు కూడా. కానీ చెట్టు పనికి జాతీయ భద్రతా ప్రమాణమంటూ ఏదీ లేదు. 1968లో న్యూయార్క్‌లో చెట్టు పని చేస్తూ ఒక కుర్రాడు చనిపోయాడు. అతని తల్లి ఊరుకోలేదు. అధికారులకి, చెట్ల నిపుణులకి ఉత్తరాలు రాసింది, వెంటపడింది. ఆమె పట్టుదల వల్లే కమిటీ కూర్చుంది. 1972లో చెట్టు పనికి మొదటి జాతీయ ప్రమాణం వచ్చింది. పేరు జెడ్133. దాని ముందుమాటలో ఆ తల్లి సంగతి ఉంటుంది. ఈ దేశంలో చెట్టెక్కే ప్రతివాడికీ ఈరోజు నేర్పే నియమాల వెనక ఒక తల్లి కడుపుకోత ఉంది.

అదే కాలంలో, 1970 డిసెంబర్‌లో ఓషా చట్టం మీద సంతకం పడింది, 1971 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. కరెంటు లైన్ల పనికి, లైన్ల పక్కన చెట్ల పనికి ప్రత్యేక నియమం మాత్రం 1994లో గానీ రాలేదు. 2014లో దాన్ని సవరించి ఇంకో ముఖ్యమైన మాట చేర్చారు. పని ఇచ్చే కరెంటు కంపెనీ, పని చేసే కాంట్రాక్టర్ ప్రమాదాల గురించి ఒకళ్లకొకళ్లు చెప్పుకోవాలి. ఫీక్స్‌ని చంపింది ఏంటో గుర్తు చేసుకోండి. వేరే కంపెనీ తీగ తన తీగకి తగిలిందని ఆయనకి ఎవరూ చెప్పకపోవడం. ఆ ఒక్క మాట నియమం కావడానికి 125 ఏళ్లు పట్టింది.

ఇంతకీ ఈ పనిలో దెబ్బ ఎలా తగులుతుంది? ఇది తెలిస్తే మన ఇంటి పెరట్లో కూడా పనికొస్తుంది.

మొదటిది, పడిపోయిన తీగ చచ్చిన పాములా కనిపిస్తుంది. నిప్పురవ్వలుండవు, చప్పుడుండదు. కానీ ఎప్పుడు బతుకుతుందో తెలీదు. తడిసిన చెట్టు, ఇనప కంచె, నీటి మడుగు ఏదైనా దానికి తోడవుతుంది. తీగ నేలకి తగిలినచోట కరెంటు మట్టిలో పాకుతుంది. అడుగు దూరంగా వేస్తే ఒక కాలి నుంచి ఇంకో కాలికి ఒంట్లోంచి పోతుంది. అందుకే పాదాలు నేల మీంచి లేపకుండా, ఒకదానికొకటి ఆనించి జరుపుకుంటూ దూరం పోవాలంటారు. శిక్షణ లేనివాడు మామూలు వీధి లైనుకి 10 అడుగుల లోపలికి పోకూడదు. మనిషే కాదు, వాడి చేతిలోని నిచ్చెన, రంపం, కొమ్మ కూడా.

రెండోది, జనరేటర్. మేం ఇక్కడే సిగ్గుపడ్డాం. తుఫాను తర్వాత మోటెల్ ఆఫీసుకి జనరేటర్ పెట్టారు. మోటెల్లో దిగిన ఒక పెద్దవయసు లైన్‌మన్ మొదటి రోజే వచ్చి, దీన్ని ఎక్కడ కలిపారు, మెయిన్ స్విచ్ ఆపారా అని అడిగాడు. మాకు కోపం వచ్చింది, ఈయనకెందుకని. ఆయన కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. వీధి ట్రాన్స్‌ఫార్మర్ 7,200 ఓల్టుల్ని 240కి దించుతుంది. మన జనరేటర్ కరెంటు ఇంటి వైరింగ్ లోంచి వెనక్కి పోతే అదే ట్రాన్స్‌ఫార్మర్ 240ని 7,200కి ఎత్తుతుంది. కంపెనీ ఆపేసిందని నమ్మి తీగ పట్టుకున్నవాడు మన బల్బు వెలుతురు కోసం చచ్చిపోతాడు. ఆయన గీసిన ఆ కాగితం ఇప్పటికీ డెస్కు గోడకి అంటించి ఉంది. జనరేటర్ ఉన్నవాళ్లందరూ దయచేసి ఎలక్ట్రీషియన్‌తో ట్రాన్స్‌ఫర్ స్విచ్ పెట్టించండి. లేదంటే వైరింగ్ జోలికి పోకుండా ఎక్స్‌టెన్షన్ వైరుతో నేరుగా వాడుకోండి.

మూడోది, చెట్టులో దాగిన బలం. నిలబడిన చెట్టుని కోయడం వేరు, పడిన చెట్టుని కోయడం వేరు. తీగల మీద వాలిన మాను, ఇంకో చెట్టు కింద వంగిపోయిన మొక్క బిగించిన విల్లు లాంటివి. ఏ వైపు లాగుతోందో చూడకుండా రంపం పెడితే లేచి కొడుతుంది. ఐస్ అడిగిన అతని మణికట్టుకి తగిలింది అదే. పైన విరిగి వేలాడే కొమ్మలకి ఇక్కడి చెట్లవాళ్లు పెట్టిన పేరుకి అర్థం పెళ్లాన్ని విధవని చేసేదని.

నాలుగోది, తొందర. ఊరంతా చీకట్లో ఉంటుంది, అందరూ ఫోన్లు చేస్తుంటారు, మేస్త్రీ అరుస్తుంటాడు. రోజుకి 16 గంటల పని. ఎన్నో ప్రాణాలు పోతే వచ్చిన నియమాలు ఈ వారంలోనే పక్కకి పోతాయి. తుఫాను పోయింది కదా, గండం గడిచింది కదా అని మనం అనుకుంటాం. ఆ గ్యాంగులకి గండం మొదలయ్యేది అప్పుడే.

ఇప్పుడు మళ్లీ మోటెల్ మెట్ల దగ్గరికి వద్దాం. ఆ మేస్త్రీ అడిగింది చిన్న అబద్ధం కాదు. 1842 నుంచి ఇప్పటిదాకా కార్మికులు సంపాదించుకున్నదంతా ఒక్క మాట మీద నిలబడి ఉంది. దెబ్బ పనిలో తగిలింది అన్న మాట. అది కాగితం మీద ఉంటే వైద్యం, జీతంలో భాగం అతనికి రావాల్సినవి. మెట్ల మీద జారాడు అని రాస్తే అతను మళ్లీ 1889లోకి పోయినట్టే. ఇక మిగిలేది చందా పెట్టె.

మన సంగతీ అంతే కదా. మనవాళ్లలో ఎవరికైనా ఏదైనా జరిగితే మనం వెంటనే గోఫండ్‌మీ పెడతాం. పదీ ఇరవై డాలర్లు వేసుకుంటాం. అది మంచి గుణమే, మానొద్దు. కానీ దెబ్బ పనిలో తగిలిందా, యజమానికి చెప్పారా, కాగితం ఉందా అని ముందు అడిగేవాళ్లు ఎంతమంది? స్టోర్ కూలర్లో జారి నడుం విరిగినవాడు, డెలివరీలో కారు గుద్దినవాడు, క్యాష్ జాబులో వేలు తెగినవాడు, వీళ్లలో ఎక్కువమంది ఇంట్లో తగిలిందనే చెప్పారు. మనమే అలా చెప్పమన్నాం. వీసా భయం, ఓనరు మనవాడే కదా అన్న మొహమాటం.

తెలుసుకున్నవి రాస్తున్నాం. ఇది జార్జియా లెక్క, వేరే రాష్ట్రాల్లో గడువులు వేరుగా ఉంటాయి. దెబ్బ తగిలిన 30 రోజుల్లోపు యజమానికి చెప్పాలి. నోటితో చెప్పినా, తర్వాత ఒక మెసేజ్ పెట్టండి, తేదీ ఉంటుంది. యజమాని ఏమీ చేయకపోతే క్లెయిమ్ వేయడానికి మామూలుగా ఏడాది గడువు. ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట పరిహార ఇన్సూరెన్స్ ఉండాలి. నీకు 1099 ఇస్తాను, నువ్వు ఉద్యోగివి కావు అని ఓనరు అన్నంత మాత్రాన అయిపోదు. పని ఎవరు చెప్తున్నారు, టైము ఎవరు పెడుతున్నారు అన్నది చూస్తారు. కాగితాలు సరిగా లేని కార్మికుడికి కూడా ఈ పరిహార చట్టం వర్తిస్తుందని జార్జియా కోర్టులు తీర్పులిచ్చాయి. పనిలో ఎవరైనా చనిపోతే 8 గంటల్లో, ఆసుపత్రిలో చేర్చుకుంటే, వేలో కాలో తెగిపోతే, కన్ను పోతే 24 గంటల్లో యజమాని ఓషాకి చెప్పాలి. భద్రత గురించి ఫిర్యాదు చేశావని ఉద్యోగం తీసేస్తే ఓషాకి ఫిర్యాదు చేయడానికి గడువు 30 రోజులే. మన లాయర్లు ఎవరైనా చదువుతుంటే తప్పులుంటే దిద్దండి.

ఆ రోజు మేం ఒక పని చేసి ఉండొచ్చు. మోటెల్ రిజిస్టర్లో ఆ పూట తేదీ, టైము వేసి, ఫలానా గది మనిషి పని నుంచి చేతికి దెబ్బతో వచ్చాడు, ఐస్ ఇచ్చాం, మా మెట్ల మీద ఎవరూ పడలేదు అని రెండు లైన్లు రాసి ఉండొచ్చు. ఒక కాపీ అతని చేతిలో పెట్టి ఉండొచ్చు. మా ఉద్యోగం పోయేది కాదు. అయినా చేయలేదు, ఎందుకొచ్చిన గొడవలే అనుకున్నాం. అతని చెయ్యి నయమైందో లేదో, మళ్లీ రంపం పట్టుకోగలిగాడో లేదో మాకు తెలిసే దారి లేదు.

ఆ తర్వాత డెస్కు సొరుగులో ఒక నోటు పుస్తకం పెట్టాం. మోటెల్లో దిగినవాళ్లు గానీ, మాలో ఎవరైనా గానీ దెబ్బతో వస్తే తేదీ, టైము, ఏం జరిగిందో వాళ్ల మాటల్లోనే రాస్తున్నాం. ఇప్పటికి మూడు పేజీలు నిండాయి. వాటిలో ఒకటి మా వాడిదే, గ్యాస్ స్టేషన్లో నిచ్చెన మీంచి పడ్డప్పటిది. ఆ పేజీ ఫోటో చూపిస్తేనే ఓనరు ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేశాడు.

మీరు పనిచేసే చోట కూడా ఒక పుస్తకం పెట్టండి. డాలరు కూడా పట్టదు. మీకు జరిగినవి, మీరు చూసినవి కామెంట్లో రాయండి. పేర్లు, కంపెనీలు వద్దు, జరిగింది రాయండి చాలు. తుఫాను సీజన్ మళ్లీ వస్తుంది, ట్రక్కులు వస్తాయి. మీ షాపుకి కాఫీకి వచ్చిన చెట్లవాళ్లని చూస్తే జెడ్133 వెనక ఉన్న ఆ తల్లిని ఒకసారి తలుచుకోండి. జాగ్రత్తగా ఉండండి అందరూ.